వెనక బ్రేకు గురించి

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం పాలకని నీ బండి వేసుకుని వీధి చివరిదాకా వెళ్లాను. వెనక బ్రేకు తొక్కితే పెడల్ దిగుతూనే ఉంది. ఇంటికొచ్చి అడిగితే "ఎప్పుడూ అంతేగా నాన్నా" అన్నావు. ఆ మాట అప్పట్నుంచీ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఎప్పుడూ అంతే కాదమ్మా. బ్రేకు రోజుకు వెంట్రుకవాసి అరిగితే మనకు తెలియదు. నిన్నటికంటే ఇవాళ కాస్త లోతుకు తొక్కడం కాలు తనంతట తనే నేర్చేసుకుంటుంది. స్కూలు కోసం వారానికోసారి పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కి దిగేదానివి. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. బండి పక్కన కూర్చుని చదువుకో.

మన స్ప్లెండర్ 2003లో కొన్నది. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. 2019 ఏప్రిల్ నుంచి ఈ సైజు కొత్త బళ్లలో ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలూ పట్టే ఏర్పాటైనా, చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ అయినా ఉండాలని రూలు వచ్చింది. మన బండికి ఆ రెండూ లేవు. నీ చెయ్యీ నీ కాలే దానికి ఆధారం.

వెనక చక్రం మధ్యలో ఉన్నదే డ్రమ్. లోపల అర్ధచంద్రాల్లా రెండు షూలు ఉంటాయి. పెడల్ తొక్కితే పొడవాటి రాడ్డు వెనకున్న చిన్న ఇనుప చెయ్యి లాంటి ఆర్మ్‌ను ముందుకు లాగుతుంది. ఆర్మ్ తిరిగితే లోపలి కామ్ అనే చిన్న చదును దిమ్మ తిరిగి షూలను రెండు వైపులా తోసి డ్రమ్‌కు అదుముతుంది. షూ మీద ఉండే రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగిన కొద్దీ అది డ్రమ్‌ను అందుకోవడానికి ఎక్కువ దూరం జరగాలి. ఆదివారం నా కాలికి తెలిసిన లోతు అదే.

సరిచేయడం కష్టం కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సెంటర్ స్టాండ్ వేసి గేరు న్యూట్రల్‌లో పెట్టు. పెడల్‌ను చేత్తో నొక్కుతూ, బ్రేకు పట్టడం మొదలయ్యేదాకా దాని కొన ఎంత దిగుతోందో స్కేలుతో చూడు. 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు మించితే రాడ్డు చివరి నట్టు బిగించాలి. ఒక చేత్తో ఆర్మ్‌ను ముందుకు తోస్తే నట్టు మీద బరువు తగ్గి తేలిగ్గా తిరుగుతుంది. వెనక నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఒక్కసారికి అరచుట్టే. ఆ నట్టుకు ముందు వైపు ఒక గుంట ఉంటుంది. అది ఆర్మ్‌లోని గుండ్రటి పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకుండా వదిలేస్తే దారిలో అది తనంతట తనే కూర్చుంటుంది, నువ్వు పెట్టిన కొలత మారిపోతుంది. చివరగా చక్రాన్ని చేత్తో తిప్పి చూడు, రాపిడి లేకుండా తిరగాలి. పెడల్ పట్టే సమయానికి వెనక లైటు వెలుగుతోందో లేదో కూడా చూసుకో.

బిగుతు ఎక్కువైతే మంచిదే కదా అనుకోకు. నీకు నాలుగేళ్లప్పుడు ఒక మెకానిక్ చైను బిగించి ఇచ్చాడు. చైను కోసం చక్రాన్ని వెనక్కి జరిపితే బ్రేకు రాడ్డు కూడా లాగినట్టై షూలు దగ్గరవుతాయి. నట్టు వదులు చేయాలి. అతను చేయలేదు, నేనూ చూడలేదు. నువ్వు ట్యాంకు మీద, మీ అమ్మ వెనక. పాడేరు నుంచి దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన. షూలు డ్రమ్‌ను ఒరుసుకుంటూనే ఉన్నాయి. డ్రమ్ వేడెక్కిపోయి, ఎంత తొక్కినా వెనక చక్రం పట్టలేదు. గేర్లు తగ్గించుకుంటూ, ముందు బ్రేకుతో మెల్లగా ఆపాను. గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నాం. నువ్వు కొండగోగు పూలు ఏరుకుంటూ ఆడుకున్నావు. నాకు మాత్రం చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పట్నుంచి చైను ఎవరు ముట్టుకున్నా, ఆ వెంటనే పెడల్ చూస్తాను. నువ్వూ చూడు. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, రెండు బ్రేకులూ కలిపి కాసేపు పట్టి వదులుతూ రా. పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు.

ఇంకొకటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని ఆర్మ్ దగ్గర చూడు. చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది పక్కనే డ్రమ్‌ను మూసే పళ్లెం మీదున్న గీతను చేరితే షూలు అయిపోయినట్టే. ఇక నట్టు తిప్పడం దండగ, రెండు షూలూ మార్చాలి. కొందరు ఆర్మ్‌ను ఊడదీసి కామ్ ఇరుసు మీది పళ్లలో ఒక పన్ను వెనక్కి వేసి బిగిస్తారు. పెడల్ పైకొస్తుంది, ఖర్చు ఉండదు. కానీ షూలు అరిగాయని చెప్పే బాణం లెక్క తప్పుతుంది. కామ్ మరీ ఎక్కువ తిరిగి లోపల అడ్డం పడితే చక్రం పట్టేస్తుంది. ఎవరైనా అలా చేస్తానంటే వద్దని చెప్పి బండి తెచ్చేసుకో.

డ్రమ్ విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో ఊదనివ్వకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవమను. వానలో నీళ్లలోంచి వస్తే, ఆ తర్వాత కాస్త దూరం మెల్లగా పోతూ పెడల్‌ను తేలిగ్గా తొక్కి ఆరబెట్టు.

ఈ శనివారం బయల్దేరే ముందు బాణం చూసి నాకు ఫోన్ చెయ్. గీతకు దగ్గరగా ఉంటే బండి స్కూల్లోనే ఉంచి బస్సులో దిగిపో. సోమవారం పొద్దున్నే షూలు తీసుకుని నేనూ నీతో పైకి వస్తాను.

నాన్న