పాటతో నవ్వించే కార్యక్రమం ఏదీ?

తెలుగు టీవీలో పాటల కార్యక్రమమంటే పోటీ, మార్కులు, ఎలిమినేషన్ కన్నీళ్లే. పాటతో హాయిగా నవ్వించేది వెతికినా కనబడటం లేదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన ఏడాదే బ్రిటన్‌లో బీబీసీ ‘నెవర్ మైండ్ ది బజ్‌కాక్స్’ ప్రారంభించింది. అందులో రెండు జట్లు. జట్టులో ఇద్దరు గిటారూ డ్రమ్సూ నోటితోనే వాయిస్తూ పాట మొదట వచ్చే సంగీతం వినిపిస్తే, మూడో మనిషి అదేం పాటో చెప్పాలి. మార్కులు ఎవరికీ పట్టవు. పేరున్న గాయకుడు ‘డుంగ్ డుంగ్’ అంటూ తంటాలు పడటమే తమాషా. బీబీసీ 2015లో ఆపేసినా, 2021లో స్కై చానెల్ మళ్లీ తెచ్చింది. ఈ ఆట మనకేమీ కొత్త కాదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో కరెంటు పోతే పిల్లలు ఆడేది ఇదే. మొన్న మా అవ్వ బోసినోటితో షెహనాయి బిట్టు వాయించింది. పాటేదో ఎవరికీ తెలియలేదు గానీ, పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. చానెళ్లు వారానికి అరగంట ఇలాంటిది పెట్టాలి. ఒక గాయని, ఒక హాస్యనటుడు, మూడో కుర్చీలో మా ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో చదివే పిల్లల్లాంటి వాళ్లొకరు చాలు. సెట్టింగుల ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఒక్క షరతు: రంగు మీద, లావు మీద జోకులు వద్దు. బజ్‌కాక్స్‌లోనూ ఎగతాళి శ్రుతి మించి ఒక గాయకుడు మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ ముక్క మాత్రం అరువు తెచ్చుకోవద్దు.

– ఒక ప్రేక్షకుడు, తిరుపతి