రంపపు పొట్టు నూనె: అసలు చిక్కు

సంపాదకులకు,

రంపపు పొట్టు నుంచి తీసే బయో ఆయిల్ ఇక డీజిల్ స్థానంలోకి వచ్చేస్తుందన్నట్టు రాస్తున్నారు. తొందరపాటే. గాలి తగలకుండా సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద చెక్కను క్షణాల్లో వేడిచేస్తే వచ్చే ఆ నల్లటి ద్రవంలో ఆక్సిజన్ 35-40 శాతం, నీరు 15-30 శాతం. పీహెచ్ 2-3, దాదాపు వెనిగర్ పులుపు! మామూలు ఉక్కును తినేస్తుంది, నిల్వ ఉంచితే చిక్కబడుతుంది.

జియోలైట్ (సన్నని రంధ్రాలుండే ఖనిజం) ఉత్ప్రేరకాలు ఆ ఆక్సిజన్‌ను నీరుగా, కార్బన్ ఆక్సైడ్లుగా తొలగిస్తాయి, నిజమే. కానీ కొంత కార్బనూ వాటితోపాటే పోయి నూనె దిగుబడి తగ్గుతుంది. పైగా బొగ్గులాంటి కోక్ పేరుకుని ఉత్ప్రేరకం రంధ్రాలు మూసుకుపోతాయి. దాన్ని పదేపదే కాల్చి శుభ్రం చేయాలి. హైడ్రోజన్‌తో శుద్ధి చేయవచ్చు, సరే. ఆ హైడ్రోజన్ సహజవాయువు నుంచే వస్తే, మళ్లీ శిలాజ ఇంధనం మీదే ఆధారపడినట్టు కాదా? ఈసారి ఉత్ప్రేరకం ఎన్ని గంటలు నిలిచిందో కూడా రాయండి.

– ఒక పాఠకుడు