బొమ్మ చిన్నదైనా ఫర్వాలేదు, అంచు కోయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మొఘల్ చిత్రాల మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వ్యాసం బాగుంది. బొమ్మలు చూస్తేనే మనసు చివుక్కుమంది. అన్నిటికీ చుట్టూ ఉన్న అంచులు కత్తిరించి, మధ్యలో పాదుషా ముఖం మాత్రం ఉంచారు.

నలభై ఏళ్లుగా నాది పుస్తకాల బైండింగ్ పని. అందుకే నా కన్ను ముందు అంచు మీదికే పోతుంది. ఆ పాదుషాలు కూర్చిన ఆల్బమ్‌ను మురక్కా అంటారు. అందులో ఒక్కో పుట ఒక్క కాగితం కాదు. బొమ్మ ఒకటి, దాని వెనక అందమైన పారశీక చేతిరాత ఇంకొకటి, చుట్టూ హాషియా అనే అంచు వేరొకటి. అన్నీ జిగురుతో పొరలు పొరలుగా అతికించి, నున్నగా మెరుగు పెట్టేవాళ్లు. తెరిస్తే రెండు బొమ్మలు ఎదురెదురుగా, పుట తిప్పితే రెండు రాతలు ఎదురెదురుగా ఉండేట్టు కూర్చేవాళ్లు. జహంగీర్ తన చిత్రకారుల పనితోపాటు యూరప్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు, అందమైన చేతిరాతకు పేరుపొందిన హెరాత్ లేఖకుడు మీర్ అలీ రాతలు కూడా సేకరించి ఇలాగే పెట్టించాడు. దేని పక్కన ఏది ఉండాలో ఎంచడం కూడా అక్కడ పెద్ద పనే.

ఆయన కోసం చేసిన గుల్షన్ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు టెహ్రాన్ గులిస్తాన్ ప్యాలెస్‌లో ఉంది. విడిపోయిన ఒక పుట వాషింగ్టన్ ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. మధ్యలో మీర్ అలీ రాత. అంచులో, బంగారు గీతల నడుమ, నేల మీద కూర్చుని పని చేసుకుంటున్న మనుషులు. ఒకాయన కాగితానికి మెరుగు పెడుతున్నాడు. పుస్తకం బైండింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. నాలుగు వందల ఏళ్ల కిందట మా పనివాళ్లను అంత శ్రద్ధగా గీశారు! మీరు కత్తిరించినట్టు కత్తిరిస్తే ఆ పుటలో వాళ్లు మిగలరు.

ఈ తప్పు నేనూ చేశాను. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన వాళ్ల తాతగారి భాగవతం తెచ్చాడు. అంచులు సమంగా రావాలని మిషన్‌లో పెట్టి కోసేశాను. ఆ అంచుల్లోనే తాతగారు పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్నారట. ముక్కలు ఏరి ఇచ్చాను గానీ, ఏ ముక్క ఏ పద్యానిదో ఎవరికి తెలుస్తుంది? ఇప్పటికీ కత్తెర వేసే ముందు ప్రతి పుట అంచూ తిప్పి చూసుకుంటాను.

ఇకముందు ఇలాంటి పుట అచ్చు వేస్తే దయచేసి అంచుతో సహా వేయండి. వీలైతే వెనకవైపు రాతను కూడా పక్కన చిన్నగా చూపించండి, ఏ మ్యూజియంలో ఉందో కింద రాయండి. చోటు చాలకపోతే బొమ్మ సైజు తగ్గించండి.

ఇట్లు,
ఒక బైండరు