మిషన్ ఆగిపోతే ఎవరిని అడగాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సైన్స్ పేజీలో మెదడు చిప్‌ల మీద వచ్చిన కథనం చదివాను. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చిన టీచరమ్మ ఒకావిడ 'మీవాడి సంగతి లాంటిదే వేశారు చూడు' అని పేపరు మడిచి మిషన్ మీద పెట్టి వెళ్లింది. మధ్యాహ్నం కరెంటు పోయింది, తీరిగ్గా మొత్తం చదివాను. బాగా రాశారు. హెడ్డింగ్ ఒక్కటే నచ్చలేదు. 'మనసును చదివే యంత్రం' అన్నారు. కింద రాసిన దాంట్లో మనసును చదివింది ఎక్కడా కనపడలేదు.

కాలిఫోర్నియాలో కేసీ హారెల్ గారి సంగతే తీసుకోండి. కండరాలను ఆడించే నరాలు మెల్లమెల్లగా చచ్చుబడిపోయే ఏఎల్‌ఎస్ జబ్బుతో ఆయన మాట ముద్దగా అయిపోయింది. 2023 జులైలో యూసీ డేవిస్ డాక్టర్లు ఆయన మెదడులో నాలుగు బుల్లి పలకలు, వాటి మీద మెదడు సంకేతాలను పట్టే బుల్లి మొనలు (ఎలక్ట్రోడ్లు) మొత్తం 256 అమర్చారు. అమర్చింది ఎక్కడ? పెదాలకు, నాలుకకు, దవడకు 'ఇలా కదలండి' అని ఆజ్ఞ వెళ్లే చోట. ఆయన మాట్లాడబోతేనే అక్కడ సంకేతాలు పుడతాయి. కంప్యూటర్ వాటిని ముందు శబ్దాలుగా, తర్వాత మాటలుగా పేర్చి, జబ్బు రాకముందు ఆయన గొంతు ఎలా ఉండేదో అలాంటి గొంతుతోనే పైకి చదువుతుంది. నూటికి 97 మాటలు సరిగ్గా వస్తున్నాయని 2024లో ప్రకటించారు. అంటే, చెప్పాలని ఆయన నోరు కదపబోయిన మాటే ఆ మిషన్‌కి అందుతోంది, లోపల దాచుకున్నది కాదు. (లోలోపల అనుకునే మాటల మీద స్టాన్‌ఫర్డ్‌లో ప్రయోగాలు మొదలయ్యాయి గానీ అది వేరే కథ.) ఉన్నదే ఇంత పెద్ద సంగతి, దానికి మళ్లీ జరీ అంచు ఎందుకండీ?

నాకింత పట్టింపు ఎందుకంటే, ఆ జాతి మిషన్ మా ఇంట్లో 2010 నుంచి ఉంది. మా అబ్బాయికి పుట్టు చెవుడు. మూడేళ్లప్పుడు ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. హారెల్ గారిది లోపలి సంకేతాన్ని బయటికి తెచ్చేది, మావాడిది బయటి శబ్దాన్ని లోపలి నరానికి అందించేది. చెవి వెనక తగిలించిన ప్రాసెసర్ శబ్దాన్ని పట్టుకుంటుంది. అయస్కాంతంతో తలకు అతుక్కునే కాయిల్ దాన్ని చర్మం లోపలికి పంపుతుంది. లోపల నత్తగుల్లలా మెలికలు తిరిగిన కాక్లియాలో 22 ఎలక్ట్రోడ్లున్న సన్నని తీగ వినికిడి నరాన్ని కరెంటుతో తడుతుంది. ఆ మెలికల్లోకి తీగ ఎలా దూర్చాలో తేలక ఆస్ట్రేలియా డాక్టర్ గ్రేమ్ క్లార్క్ 1977లో బీచ్‌లో కూర్చుని ఒక గుల్లలోకి గడ్డిపోచ దూర్చి చూశాడట. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉంటే మెలిక వెంబడి పోతుందని ఆ గడ్డిపోచే చెప్పింది. ఇది విన్నప్పటి నుంచి మావాడు మా ఊరి దగ్గర వాడరేవు బీచ్‌కి వెళ్తే చాలు, సరుగుడు ఆకు చేతిలో పట్టుకుని గుల్లలు ఏరతాడు.

మిషన్ పెట్టగానే పిల్లాడు వినేశాడని అనుకోకండి. స్విచ్ ఆన్ చేసిన రోజు భయపడి ఏడ్చి, కాయిల్ పీకి విసిరేశాడు. అంతకుముందు నేను బట్టలు కుడుతుంటే కుట్టుమిషన్ బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఆ అదురంటే వాడికి ఇష్టం. స్విచ్ ఆన్ అయిన మూడో నెలలో ఒకరోజు గుమ్మం దగ్గర ఆడుకుంటున్నాడు. నేను మిషన్ తొక్కగానే తలెత్తి చూశాడు. చెయ్యి బల్ల మీద లేదు. ఆపాను. మళ్లీ తొక్కాను. మళ్లీ చూశాడు. ఆ పూట ఇవ్వాల్సిన జాకెట్లు ఎవరికీ ఇవ్వలేకపోయాను.

ఆ తర్వాత నాలుగేళ్లు వారానికి రెండుసార్లు గుంటూరు ప్రయాణం, థెరపీకి. అక్కడి బొమ్మల కార్డులన్నీ ఇంగ్లిష్‌వి. ఇంటికొచ్చి ఉడత, బొంగరం, గరిటె నేనే అట్టల మీద గీసుకున్నాను. 'ళ' పలకడానికి ఏడాది పట్టింది. ఆ మాటకొస్తే మా వీధిలో సగంమంది నీళ్లను 'నీల్లు' అనే అంటారు. రోజూ పొద్దున్నే ఒక పరీక్ష ఉండేది. వాడి వెనక నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనాలి. ఈ ఆరూ వినపడితే మాటలకు కావలసిన శబ్దాలన్నీ అందుతున్నట్టే. వినపడ్డప్పుడల్లా వాడు ఒక షర్టు గుండీ తీసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. 'స్' అన్నప్పుడు గుండీ పడలేదంటే మైకుకి చెమ్మ పట్టిందని నాకు తెలిసిపోయేది. మా చీరాలలో సముద్రపు గాలి, దానికితోడు చెమట. రాత్రంతా సిలికా జెల్ డబ్బాలో పెడితే పొద్దున్నే గుండీ మళ్లీ టంగుమనేది.

ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ వాళ్లు మెదడులో పెట్టే దారాల సంగతి మీరు రెండు వాక్యాల్లో తేల్చేశారు. సూదీ దారంతో బతికేదాన్ని, నా కన్ను అక్కడే ఆగింది. 2024 జనవరిలో నోలండ్ ఆర్బా అనే కుర్రాడికి, మెడ కింద శరీరం చచ్చుబడిపోయినవాడికి, ఒక రోబో సూదితో వెంట్రుక కన్నా సన్నని దారాలను మెదడులోకి దించింది. కొద్ది వారాలకే చాలా దారాలు వెనక్కి జారిపోయాయి. తలలో మెదడు వాళ్లు లెక్కేసిన దానికన్నా ఎక్కువ కదిలిందట. చంక దగ్గర వదులు ఇవ్వకుండా కుడితే చెయ్యెత్తగానే కుట్టు పిగిలిపోతుంది, ఏ కొత్త దర్జీకైనా మొదటి నెలలోనే అనుభవమవుతుంది. వాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చి, మిగిలిన దారాలతోనే ఆ అబ్బాయి మళ్లీ కంప్యూటర్ నడుపుకునేలా చేశారు. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే అప్పుడు ఇంజినీర్లు పక్కనే ఉన్నారు. పదిహేనేళ్ల తర్వాత ఆ అబ్బాయి ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీ కథనంలో నేను వెతికింది అదే.

మాకు జరిగింది చెప్తాను. 2023 మార్చి ఆఖర్లో, పదో తరగతి పరీక్షలకు వారం ముందు మావాడి ప్రాసెసర్ ఆగిపోయింది. గుండీల డబ్బా వయసు దాటిపోయినా అలవాటుకొద్దీ ఆరు శబ్దాలూ అన్నాను. ఒక్కటీ వినపడలేదు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, 'ఆ మోడల్ ఆపేశాం మేడం, పార్టులు రావు, కొత్తది తీసుకోండి' అన్నారు. కొత్తది మూడు లక్షల పైన. తల కోసి లోపల పెట్టినది నిక్షేపంగా ఉంది, బయట తగిలించేది లేదు, అంతే. పోనీ ఇంకో కంపెనీది చూద్దామంటే కుదరదు. లోపలిది ఎవరిదో బయటిదీ వాళ్లదే కావాలి. నా కుట్టుమిషన్‌కి ఏ కంపెనీ సూదైనా పడుతుంది, లక్షలు పోసిన ఈ మిషన్‌కి ఆ పాటి సౌకర్యం లేదు!

పదకొండు రోజులు. మొదటి రెండు పరీక్షలు ఏ శబ్దమూ లేకుండానే రాశాడు. ఒక రాత్రి అన్నం తింటూ 'అమ్మా, ఇంట్లో ఎవరూ లేనట్టుంది' అన్నాడు. అందరం వాడి చుట్టూనే కూర్చుని ఉన్నాం.

తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడితే కర్నూలు నుంచి ఒకావిడ, కూతురికి కొత్తది కొన్నాక పక్కన పెట్టిన పాత ప్రాసెసర్ కొరియర్‌లో పంపింది. అదృష్టం, మోడల్ కలిసింది. అయినా ఆ పిల్లది తెచ్చి వీడి చెవికి పెట్టెయ్యడానికి లేదు. ఏ ఎలక్ట్రోడ్ దగ్గర ఎంత కరెంటు ఇస్తే నరానికి వినపడుతుందో, ఎంత దాటితే ఓర్చుకోలేదో ఒక్కొక్కరికీ కొలిచి పెట్టుకునే 'మ్యాప్' వేరు. వినికిడి చూసే ఆడియాలజిస్ట్ వీడి మ్యాప్ ఎక్కించాకే అది పనిచేసింది. మరుసటి ఏడాది నా గొలుసు తాకట్టు పెట్టి కొత్తది కొన్నాం.

ఈ బాధ మా ఒక్కళ్లది కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చూపులేనివాళ్ల కంట్లో పెట్టే ఆర్గస్ అనే పరికరం తెచ్చింది. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2020లో కంపెనీ ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. బాగుచేసేవాళ్లు లేని పరికరం పేషెంట్ల కంట్లో అలాగే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో రీటా లెగెట్ అనే ఆవిడకు మూర్ఛ రాబోతోందని ముందుగా హెచ్చరించే ఇంప్లాంట్ తలలో పెట్టారు. అది వచ్చాకే ఆవిడ ధైర్యంగా బయట తిరిగింది. కంపెనీకి డబ్బు అయిపోయి, తీసేస్తామంటే వద్దంది. ఇల్లు తాకట్టు పెట్టయినా కొనుక్కుంటామని భార్యాభర్తలు అడిగి చూశారట. తీసేశారు. అది చదివి గొలుసు లేని మెడ తడుముకున్నాను.

మన దగ్గరా దారి లేకపోలేదు. కేరళలో శ్రుతితరంగం పథకం కింద ఆపరేషన్‌తోపాటు మిషన్ రిపేరు, పాత మోడల్ మార్చి కొత్తది ఇవ్వడం కూడా ప్రభుత్వమే చూస్తోంది. మా ఇంట్లో ఆపరేషన్, మొదటి మిషన్ ఉచితంగా వచ్చాయి. ఆరోగ్యశ్రీ లేకపోతే మావాడికి మాటే లేదు, ఆ కృతజ్ఞత చచ్చేదాకా ఉంటుంది. కానీ వారంటీ దాటాక వైరు దగ్గర్నుంచి ప్రాసెసర్ దాకా అన్నీ మేమే కొనుక్కున్నాం. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్, అంటే నేవీకి టార్పెడోలు రూపొందించే పరిశోధనశాల, కలాం గారి చొరవతో మన సొంత కాక్లియర్ ఇంప్లాంట్ చేస్తోందని చాలా ఏళ్ల కిందట పేపర్లలో చదివి ఎంత ఆశపడ్డామో! ఆ పని ఎంతదాకా వచ్చిందో మీ విశాఖ విలేఖరి ఒకసారి కనుక్కుని రాస్తే మాలాంటి తల్లులం కత్తిరించి దాచుకుంటాం.

అందుకని రెండు విన్నపాలు. ఇకముందు మెదడులో చిప్ అని ఏ వార్త వేసినా, అది పాడైతే ఎవరు బాగుచేస్తారు, కంపెనీ మూసేస్తే పేషెంట్ గతేమిటి అని ఆ డాక్టర్లనీ కంపెనీవాళ్లనీ అడిగి, వాళ్ల జవాబు కూడా వెయ్యండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదని వెయ్యండి. రెండోది, ప్రభుత్వం ఇలాంటి మిషన్లు కొనేటప్పుడు కనీసం పదిహేనేళ్లు పార్టులు ఇస్తామని కంపెనీతో రాయించుకుంటోందో లేదో ఆరోగ్యశాఖను మీరే అడగండి. నేను అడిగితే 'టోల్ ఫ్రీకి చెయ్యమ్మా' అంటారు.

ఉత్తరం కింద పేరు వెయ్యొద్దని మావాడి షరతు. కాలేజీలో ఫ్రెండ్స్ ఏడిపిస్తారట. 'ఫోటో కావాలంటే ఆగిపోయిన పాత ప్రాసెసర్‌ది వేసుకోమను' అన్నాడు. అది గుండీల డబ్బాలోనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చీరాల.