తిత్లీ ఏడాది: 2018–19 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ముందు చలివేంద్రం, తర్వాత బడిపిల్లల పుస్తకాల సంగతి రాస్తాం. ఆ రెండూ ఈసారీ జరిగాయి. మిగతా ఏడాదంతా తుపానుకే సరిపోయింది.

అక్టోబరు రెండో వారం మన ఉద్దానానికి అచ్చిరావడం లేదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, రెండూ 12నే తీరం దాటాయి. తిత్లీ ఒకరోజు ముందే, 11న తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. పేరుకేమో సీతాకోకచిలుక! నవరాత్రులు మొదలైన మర్నాడే వచ్చింది. అమ్మవారి పందిరి గుంజ ఒక్కటీ మిగల్లేదు.

తెల్లారి చూస్తే జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడున్నాయి. నిలబడ్డ కొబ్బరిచెట్లను చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాం కానీ, మొవ్వు మెలితిరిగినవి ఒక్కొక్కటే సంక్రాంతి నాటికి ఎండిపోయాయి. నష్టం రాసుకున్న రోజున అవి పచ్చగానే ఉన్నాయి కనుక లెక్కలోకి ఎక్కలేదు. కౌలుదారుల పేర్లదీ అదే గతి. రెండింటికీ అర్జీలు పెట్టాం, ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

తిండి ఎలాగో సర్దుకున్నాం, నీళ్ల దగ్గరే టెన్షన్ పడ్డాం. కిడ్నీ జబ్బుల భయంతో బోరు నీళ్లు మానేసిన ఊరు మనది. స్తంభాలు కూలి కరెంటు పోయి నీళ్ల ప్లాంటు ఆగింది. అద్దె జనరేటర్ దొరికాక ముందు డయాలసిస్‌కు వెళ్లేవారి ఇళ్లకు, తర్వాత పసిపిల్లలున్న ఇళ్లకు బిందెలు పంపాం. వరుసలో ముందు నిలబడ్డవారు కార్యవర్గం మీద కోప్పడ్డారు. మళ్లీ అలాంటి రోజు వస్తే ఇదే పద్ధతి పాటిస్తాం.

మా తప్పూ ఒకటుంది. సంఘం మెషిన్ రంపానికి అదనపు చైను కొని ఉంచలేదు. ఉన్నది తెగింది. దారికడ్డంగా పడ్డ చెట్లను గొడ్డళ్లతోనే నరికాం.

దుంగలను తోటలో వదిలేస్తే కుళ్లి, వాటిలో కొమ్ము పురుగు పెరుగుతుంది. అక్కడి నుంచి బతికిన చెట్ల మొవ్వుల్లోకి దూరుతుంది. అందుకే చలికాలం ఆదివారాలన్నీ దుంగలు తీయడానికే పెట్టాం. వలస వెళ్లినవారి తోటలు ఇంకా మిగిలాయి. వాళ్లు ఫోన్‌లో సరే అంటే చాలు, మనమే తీయిద్దాం. కొత్తగా నాటే కొబ్బరి కాపుకు రావడానికి ఎలాగూ ఐదారేళ్లు పడుతుంది. ఈలోగా పురుగు తినేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

జమాఖర్చుల పట్టిక సంఘం గోడకు అంటించాం. సొంత జనరేటర్ కొనాలా, అద్దెదే నమ్ముకోవాలా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. సెప్టెంబరు దాటితే అద్దెకు కూడా దొరకదు.

ఇట్లు,
కార్యదర్శి