ఆరో ఫిర్యాదు: మా మిద్దె మీది డిష్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

పేరు రాయలేదని ఏమీ అనుకోకండి. ఐదుసార్లు అడిగినా మీవాళ్లు చెప్పలేదు.

మా మిద్దె మీద మీరు బిగించిన డిష్ గాలికి పక్కకు తిరిగింది, నెట్ పోయింది. దానికి మిమ్మల్ని తిట్టను. ఆషాఢంలో అనంతపురం గాలి ఎవరి మాటా వినదు. నా కోపం ఆ తర్వాతి 23 రోజుల మీద.

మొదట మాట్లాడిన అమ్మాయి రూటర్ ఆపి మళ్లీ వేయమంది. వేశాను. మర్నాడు ఇంకొకాయన పచ్చలైటు వెలుగుతోందా అన్నాడు. వెలుగుతోందంటే, "అయితే ప్రాబ్లం లేదు సార్" అని పెట్టేశాడు. లైటు వెలగడానికి కరెంటు చాలప్పా, మీ టవర్‌తో పనేముంది!

మూడో ఆయనైతే, "డిష్ కొంచెం తిరిగితే ఏమవుతుంది సార్, సిగ్నల్ గాల్లోనే ఉంటుంది కదా" అన్నాడు. మీ ఉద్యోగికి నేను పాఠం చెప్పాల్సి వచ్చింది. మీ టవర్ మాకు 10 కిలోమీటర్లు. ఈ రెండడుగుల డిష్ నుంచి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి పోయేసరికి దాదాపు కిలోమీటరు వెడల్పున పరచుకుని పలచబడుతుంది. డిష్ 5 డిగ్రీలు తిరిగిందంటే ఆ సిగ్నల్ నడిమి భాగం మీ టవర్‌కు 800 మీటర్లకు పైనే పక్కన పడుతుంది. ఇక అందేదేముంది?

అంతా విని, "అయితే డిష్ బదులు లేజర్ పెట్టించుకోండి సార్, అది పరచుకోదు" అన్నాడు. ఎవరు చెప్పారు? 1969లో అపోలో 11 వాళ్లు చందమామ మీద పెట్టొచ్చిన అద్దాలకు భూమ్మీద నుంచి లేజర్ కొడితే, అక్కడికి చేరేసరికి కిలోమీటర్ల వెడల్పు అవుతుంది. కొట్టిన ప్రతిసారీ తిరిగొచ్చి దొరికేది ఏ ఒకటో రెండో కాంతి కణాలు. వాటినీ పట్టుకుంటున్నారు. 10 కిలోమీటర్ల దూరం నుంచి నేను అరుస్తుంటే మీకు వినపడటం లేదు.

"టెక్నీషియన్ బయల్దేరాడు" అని మూడుసార్లు మెసేజ్ వచ్చింది. మూడోసారి నిచ్చెన గోడకు ఆనించి, ఫ్లాస్కులో టీ పోసి, చీకటి పడేదాకా కూర్చున్నా. రాత్రి ఎనిమిదికి ఇంకో మెసేజ్: సమస్య తీరింది, కస్టమర్ సంతృప్తి చెందారు. ఆ సంతృప్తి చెందినాయన ఎవరో నాకూ చూపించండి, దండం పెట్టుకుంటా.

ఆరేళ్ల నుంచి ఒక్క నెల బిల్లు ఆపలేదు. మా వీధిలో 11 ఇళ్లకు మీ కనెక్షన్ నేనే మాట్లాడి పెట్టించా. ఇప్పుడు వాళ్లంతా నన్ను అడుగుతున్నారు. స్పానర్ పట్టుకుని ఒక్క మనిషి వస్తే, సిగ్నల్ చూసుకుంటూ అటూ ఇటూ తిప్పి బిగిస్తే అరగంట పని. ఈ 23 రోజుల డబ్బు సంగతి తర్వాత తేల్చుకుందాం.

శనివారం లోపల ఎవరూ రాకపోతే సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఉంటా. ఆదివారం మాత్రం మా అమ్మ డిష్ దింపించి అందులో వడియాలు ఆరబెడతానంటోంది. నేను అడ్డం చెప్పను.

ఇట్లు,
మీ సంతృప్తి చెందిన కస్టమర్