పెళ్లి రిటర్న్ గిఫ్టుగా ఇంటి తినుబండారం: అందం కంటే ముందు నిల్వ చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లికి వచ్చినవారి చేతిలో ఇంట్లో చేసిన తినుబండారం పొట్లం పెట్టడం చక్కని ఆలోచన. అయితే ఈ విషయం మీద పత్రికల్లో వచ్చే చిట్కాలు చాలావరకు ఫొటో కోసం రాసినట్టే ఉంటాయి. పన్నెండు ముక్కలకు కొలతలిచ్చి, ‘అతిథుల సంఖ్యను బట్టి పెంచుకోండి’ అని వదిలేస్తారు. మూడు వందల మందికి చేసేవాళ్లకు అసలు కష్టమంతా ఆ పెంచుకోవడంలోనే ఉంది. ఎన్ని రోజులు నిల్వ ఉంటుందో, ఎంత వేడికి తట్టుకుంటుందో, ఇంటి ఓవెన్‌లో ఎన్ని వాయిలు పడుతుందో చెప్పకుండా ఇలాంటి వంటకాన్ని ప్రచురించవద్దని మనవి. ఆ వివరాలు ఎలా ఉండాలో నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట చూడాల్సింది రుచీ కాదు, రంగూ కాదు. అందులో తడి ఎంత ఉందో చూడాలి. రిటర్న్ గిఫ్టు పొట్లం ఫ్రిజ్ లోంచి నేరుగా నోటికి వెళ్లదు. బల్ల మీద కొన్ని గంటలు ఉంటుంది. తర్వాత సంచిలో, కారులో తిరుగుతుంది. ఇంటికి చేరాక రెండు మూడు రోజులు ఏ అలమరాలోనో ఉండిపోతుంది. ‘ఫ్రిజ్‌లో పెట్టండి’ అని దాని మీద రాసినంత మాత్రాన ఎవరూ పెట్టరు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి క్రీమ్ కలిపిన మెత్తని చాక్లెట్ ఉండలు, చీజ్‌కేక్ కప్పులు, తాజా పండ్ల కేకులు ఈ పనికి పనికిరావు. ఆహార శాస్త్రంలో, పదార్థంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటిని సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న కొలమానంతో లెక్కిస్తారు. ఆ అంకె 0.6 కంటే తక్కువ ఉంటే బూజు కూడా పట్టదు. బాగా కాలిన వెన్న బిస్కెట్లు ఆ గీతకు చాలా కింద ఉంటాయి. క్రీమ్ కలిపిన చాక్లెట్ మిశ్రమం 0.8 పైన కూడా ఉండవచ్చు. పైకి రెండూ పొడిగానే కనిపించినా, తేడా ఇక్కడుంది.

ఇంకొక హెచ్చరిక. చిన్న సీసాల్లో నూనె పోసి అందులో పచ్చి వెల్లుల్లి రెబ్బలో, తాజా ఆకులో వేసి ఇవ్వమని కొన్ని చిట్కాలు చెబుతుంటాయి. దయచేసి చేయకండి. గాలి తగలని నూనెలో, గది వేడిమిలో, బాటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బాక్టీరియా విషం తయారు చేయగలదు. ఆ విషానికి వాసన గానీ రుచి గానీ ఉండకపోవచ్చు.

ఇలా వడగట్టగా మిగిలేవి వెన్న బిస్కెట్లు, చక్కెర పట్టించిన బాదం, కారమెల్ బిళ్లలు, చల్లని వాతావరణమైతే చాక్లెట్, చిన్న సీసాల్లో జామ్. జామ్ నిల్వకు మంచిదే. కానీ మూడు వందల గాజు సీసాలను వేడినీళ్లలో మరిగించి, వేడి జామ్ నింపి, మూత బిగించి, మోసుకెళ్లడం మామూలు ఇంటివల్ల అయ్యే పని కాదు. పెద్ద పెళ్లికి నా ఓటు వెన్న బిస్కెట్లకే. కొలత తేలిక, పిండి ముందే చేసి దాచుకోవచ్చు, ఒక వాయి పాడైనా నష్టం తక్కువ.

కొలత తూకంలో 1:2:3. ఒక వంతు పొడి చక్కెర, రెండు వంతులు వెన్న, మూడు వంతులు మైదా. 300 మంది అతిథులకు 30 కలిపి 330 పొట్లాలు అనుకుందాం. పొట్లానికి రెండు చొప్పున 660 బిస్కెట్లు. విరిగేవి, అంచు మాడేవి పోగా సరిపోవాలంటే 720 చేయాలి. ఒక్కోటి 20 గ్రాముల పిండితో, అయిదున్నర సెంటీమీటర్ల కట్టర్‌తో, 7 మిల్లీమీటర్ల మందంతో కోస్తే బాగుంటుంది. మొత్తం 14.4 కిలోల పిండి కావాలి: 2.4 కిలోల చక్కెర, 4.8 కిలోల వెన్న, 7.2 కిలోల మైదా. దీన్నంతా ఒకేసారి కలపకూడదు. 300 గ్రాముల చక్కెర, 600 గ్రాముల వెన్న, 900 గ్రాముల మైదా, 6 గ్రాముల ఉప్పు ఒక వాయి. దానికి 90 బిస్కెట్లు వస్తాయి. అలాంటివి ఎనిమిది వాయిలు. ఇంటి మిక్సర్ గిన్నెలో ఇంతకు మించి వేస్తే అడుగున పొడి పిండి అలాగే ఉండిపోతుంది. అది కలిసేదాకా తిప్పితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి బిస్కెట్ నోట్లో కరగకుండా గట్టిపడుతుంది. కప్పుతో కొలవడం కూడా వద్దు. ఒత్తి నింపిన కప్పుకూ వదులుగా పోసిన కప్పుకూ ఉండే తేడా ఎనిమిది వాయిల్లో పేరుకుని, చివరికి ఏ రెండు ట్రేలూ ఒకలా రావు.

వెన్నకు బదులు, వెన్నలాగే రొట్టెకు పూసుకునే చవక స్ప్రెడ్ వాడాలనిపిస్తుంది. మామూలు వెన్నలో 80 శాతం పైగా కొవ్వు ఉంటుంది, మిగతాది ఎక్కువగా నీరే. స్ప్రెడ్‌లో ఆ నీరు ఇంకా ఎక్కువ. బిస్కెట్ గట్టిగా వస్తుంది, పైగా తొందరగా మెత్తబడుతుంది.

వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, జారకూడదు. చక్కెరతో కలిసేదాకా కలపండి చాలు, తెల్లగా నురగలా గిలకొట్టవద్దు. గాలి ఎక్కువ చేరితే ఓవెన్‌లో పొంగి పక్కలకు పాకుతుంది. మైదా కలిపాక రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి పలకలా ఒత్తి, ఫ్రిజ్‌లో కనీసం అరగంట ఉంచండి. ఈ పలకలను గట్టిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో నెల వరకు దాచవచ్చు. పెద్ద పెళ్లికి ఇదే పెద్ద వెసులుబాటు. పిండి పని పెళ్లికి మూడు వారాల ముందే తీరిపోతుంది, కాల్చడం చివరి వారానికి మిగులుతుంది.

ఓవెన్ 160 డిగ్రీలకు వేడెక్కాక 18 నుంచి 20 నిమిషాలు. అంచులు లేత గోధుమ రంగులోకి వస్తే తీసేయాలి. ఇంటి ఓవెన్లలో గుండీ చూపే అంకెకూ లోపలి వేడికీ 10, 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. అందుకని లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనండి. ట్రేకు 20 చొప్పున 720 బిస్కెట్లంటే 36 ట్రేలు. రెండేసి పెట్టినా 18 సార్లు కాల్చాలి. పెట్టడం, తీయడం, ఓవెన్ మళ్లీ వేడెక్కడం కలుపుకుంటే ఒక్కోసారికి 25 నిమిషాలు. అంటే ఏడున్నర గంటలు. ఒక్కరోజులో కానిచ్చేద్దామనుకుంటే సాయంత్రానికి ఓపిక పోయి, చివరి ట్రేలు మాడతాయి. రెండు రోజులు పెట్టుకోండి. కాలే సమయం సగమయ్యాక పై ట్రే కిందికి, కింది ట్రే పైకి మార్చాలి.

మొదటి వాయి బాగా వచ్చి, రెండోది పాకిపోయిందంటే సాధారణంగా తప్పు పిండిది కాదు. వేడి తగ్గని ట్రే మీద చల్లని బిస్కెట్లు పెట్టారన్నమాట. ఓవెన్ అందుకోకముందే కింద వెన్న కరిగిపోతుంది. అదనంగా రెండు ట్రేలు ఉంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఇక్కడి దాకా జాగ్రత్తగా చేసినవాళ్లు కూడా దెబ్బతినేది చల్లార్చే దగ్గర. పైన తాకితే చల్లగానే ఉంటుంది, మధ్యలో మాత్రం వేడి ఉంటుంది. అలా పొట్లం కట్టేస్తే ఆవిరి లోపలే చిక్కుకుని కవరుకు చెమట పడుతుంది, మర్నాటికి కరకర పోతుంది. తీగ జాలీ మీద పరిచి పూర్తిగా ఒక గంట వదిలేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రాత్రంతా బయట వదలకుండా చల్లారగానే గాలి చొరబడని డబ్బాలోకి మార్చండి. మెత్తబడినవాటిని 150 డిగ్రీల దగ్గర అయిదారు నిమిషాలు మళ్లీ వేడిచేస్తే చాలావరకు తేరుకుంటాయి.

బాదం ఎంచుకునేవారికి: కిలో బాదం, అర కిలో చక్కెర, 150 మిల్లీలీటర్ల నీళ్లు అడుగు మందం గిన్నెలో వేసి ఆపకుండా కలపాలి. పాకం ముదిరాక ఒక్కసారిగా ఇసుకలా పొడిబారి గింజలకు అంటుకుంటుంది. అక్కడే మంట తగ్గించి, ఆ పొర కొద్దిగా కరిగి మెరిసేదాకా ఉంచి, నూనె రాసిన ట్రేలో విడివిడిగా పరచండి. 30 గ్రాముల పొట్లాలు 330 కావాలంటే పది కిలోల సరుకు, అంటే ఏడు వాయిలు. రెండు వాయిలను కలిపేస్తే పైన పాకం పొడిబారకముందే అడుగు మాడుతుంది. అక్రోటు గింజలు మాత్రం వాడకండి. వాటిలోని నూనె త్వరగా ముక్కిపోతుంది, రెండు వారాలకే చేదు తగలవచ్చు.

చాక్లెట్ గురించి నిష్కర్షగా చెప్పాలి. చాక్లెట్‌లోని కొవ్వు కోకో వెన్న. అందులో మనకు కావలసిన స్ఫటికం 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఎండలో నిలిపిన కారు అంతకు మించి వేడెక్కుతుంది. వేసవి పెళ్లికి చాక్లెట్ వద్దు. చల్లని రోజుల్లో చేసేవారు ఆ స్ఫటికం సరిగ్గా కట్టడానికి డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, కలుపుతూ 27, 28కి దించి, తిరిగి 31, 32కి తేవాలి. ఈ మెట్లు తప్పితే గట్టిపడ్డాక బూడిద రంగు చారలు వస్తాయి. అది బూజు కాదు, తినవచ్చు. కానీ అతిథి పొట్లం విప్పి అదే అనుకుంటాడు. తడి గరిటె తగిలిందంటే కరిగిన చాక్లెట్ మొత్తం ముద్దకడుతుంది. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే బయటకు తీయగానే తేమ పట్టి పైన చక్కెర తేలుతుంది.

కారమెల్‌కు 118 నుంచి 120 డిగ్రీలు, అంటే ఉండపాకం. థర్మామీటరును ముందు మరిగే నీళ్లలో పెట్టి చూసుకోండి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో అది 100 చూపాలి. ఎత్తు ప్రాంతాల్లో తక్కువ చూపితే ఆ తేడాను పాకం లెక్కలోంచి కూడా తీసేయాలి.

బిస్కెట్, కారమెల్ కలిపి ఒకే పొట్లంలో పెట్టడం ఫొటోల్లో తరచూ కనిపించే తప్పు. కారమెల్‌లోని తేమ బిస్కెట్‌లోకి పాకుతుంది. నాలుగు రోజులకు బిస్కెట్ మెత్తబడుతుంది, కారమెల్ గట్టిబడుతుంది. రెండూ ఇవ్వాలనుంటే లోపల వేర్వేరుగా సీలు చేయండి. పుదీనా బిళ్లలను కూడా వెన్న సరుకుకు దూరంగా ఉంచాలి, ఆ వాసనను వెన్న పీల్చుకుంటుంది.

ఉత్త కాగితం సంచీ తేమను ఆపదు, జిడ్డునూ ఆపదు. లోపల ఆహారానికి పనికొచ్చే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవరు, వేడితో సీలు వేయడం, పైన కావాలంటే అందమైన కాగితం. నింపి, సీలు వేసి, లేబుల్ అంటించడానికి నిమిషం పడుతుందనుకుంటే 330 పొట్లాలకు ఒక్కరికి అయిదున్నర గంటలు, నలుగురు వరుసగా కూర్చుంటే గంటన్నర. రిబ్బన్ ముడి వేస్తే ఇంచుమించు రెట్టింపు. స్టిక్కర్‌తో సరిపెట్టుకోమంటాను. పని మొదలెట్టడానికి నెల ముందే అసలు కవరులోనే ఓ ఆరు పొట్లాలు కట్టి, కొన్ని గదిలో, కొన్ని ఇంట్లో బాగా వేడిగా ఉండేచోట పెట్టి, ఏడో రోజున, పద్నాలుగో రోజున విప్పి తిని చూడండి. తేలేది అక్కడే.

లేబుల్ మీద పేర్లూ శుభాకాంక్షలూ ఎలాగూ ఉంటాయి. దానితోపాటు ఏమేం వేశారో, ఏ రోజు చేశారో రాయాలి. గోధుమ, పాలు, గుడ్డు, గింజలు, వేరుశనగ, నువ్వులు, సోయా, వీటిలో ఏది ఉన్నా విడిగా కనిపించాలి. గింజలు పడనివారి కోసం కొన్ని పొట్లాలు చేయదలిస్తే, గింజల పని మొదలవకముందే, కడిగిన గిన్నెల్లో, అన్నింటికంటే ముందు చేసి సీలు వేయండి. తర్వాత చేస్తే బల్ల మీది పొడి చాలు ప్రమాదానికి. తేనె చేరినదాన్ని ఏడాదిలోపు పసివాళ్లకు పెట్టకూడదని రాయడం కూడా మరవకండి.

సాయానికి వచ్చేవారిలో ఎవరికైనా వాంతులో విరేచనాలో ఉంటే, అవి తగ్గి 48 గంటలు గడిచేదాకా ఈ పనికి రావద్దని మొహమాటం లేకుండా చెప్పాలి. చేతి మీద పుండు ఉన్నవారికి లేబుళ్ల పని అప్పగించండి. పుండులోని స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా వదిలే విషం మామూలు వంట వేడికి చావదు.

తీసుకెళ్లేటప్పుడు ఒక అట్టపెట్టెలో మూడు వరుసలకు మించి పేర్చవద్దు, వరుసకూ వరుసకూ మధ్య అట్ట వేయండి. సరుకు పన్నెండు పదమూడు కిలోలు ఉంటుంది, అడుగున ఉన్నవి ఆ బరువుకు పొడైపోతాయి. డిక్కీలో కాకుండా ఏసీ ఉండే సీట్ల వైపు పెట్టండి. విందు మొదట్లోనే బల్లల మీద పంచేస్తే నీళ్లు ఒలికి సగం తడుస్తాయి. వెళ్లేవారికి గుమ్మం దగ్గర చేతికివ్వడానికి ఇద్దరిని నియమించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు